బందరు పట్టణ దర్శనము – మన కర్తవ్యము

(ఓర్వకల్లున జరిగిన కులసంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



 మాకు నిర్ణయింపబడిన విషయము యాత్ర. మన సంఘము పక్షమున ఏటేట కొందఱు యువతీయువకులను ఏదేని యొక ప్రదేశమునకు తీసికొనిపోయి చూపింపవలెనని పెద్దలు తలంచుచున్నారు. శ్రీశైలమని కొందఱు, అహోబలమని కొందఱు, హంపియని మఱికొందఱు సూచించిరి. అవన్నియు చూడదగినవే. కాని మనలో వానిని చూడనివారు అరుదు. మేము వేఱొక పేరు చెప్పుటకై లేచితిమి. అది బందరు, మచిలీపట్నము.

ఈ పేరు వినగానే సభలో కొన్ని చిఱునవ్వులు కనబడుచున్నవి. "బందరున లడ్డు తప్ప నేమున్నది?" అని యడుగువారు కలరు. సముద్రము చూడవలెనన్న విశాఖపట్టణమునకు పోవచ్చును. పెద్ద రేవు చూడవలెనన్న చెన్నపట్టణమునకు పోవచ్చును. ఓడలు లేని రేవునకు పోనేల యని వారి భావము. ఓడలు లేని రేవు కనుకనే మనము పోవలెనని మేము మనవి చేయుచున్నాము. ఓడలుండగా నా యూరెట్లుండెనో, ఓడలు పోయిన తరువాత నందేమి మిగిలెనో, మిగిలినది యేల మిగిలెనో తెలిసికొనుట నేతపనిని నమ్ముకొన్న మనకు మిక్కిలి యవసరము.

ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును అని మన పెద్దలు చెప్పుదురు. బండ్లకును మన సీమకును గల సంబంధ మందఱకు దెలిసినదే. తుంగభద్ర దాటవలసిన బండ్లు గట్టున నాగి యిరుసులకు కందెన వేసికొనుటచేత మన పట్టణమునకు కందెనవోలని పేరు వచ్చినదని చెప్పుకొందురు. ఆ కందెనవోలే నేటి కర్నూలు. దాని ప్రక్కన పాఱు తుంగభద్ర సంగమేశ్వరముకడ కృష్ణలో గలియును. ఆ కృష్ణ శ్రీశైలమును, నాగార్జునసాగరమును, బెజవాడను దాటి, పులిగడ్డయొద్ద రెండు పాయలై, దివిసీమను నడుమ నుంచుకొని సముద్రమున బడును. ఆ సముద్రతీరమునందే బందరున్నది. అనగా కర్నూలు మెట్లయొద్ద మనము చేతులు కడుగుకొన్న నీరే బందరు ప్రాంతమున కడలి జేరుచున్నది. నీరు పోయిన దారిని మనుష్యులు పోకుండుటయే వింత.

త్రోవ కష్టమైనది కాదు. ఓర్వకల్లునుండి నంద్యాలకు రహదారి యున్నది. నంద్యాలనుండి గుంటూరు మీదుగా విజయవాడకు రైలున్నది. అచ్చటినుండి బందరు 70 కిలోమీటర్ల దూరము. గుడివాడ మీదుగా పోవు రైలు పెడన, చిలకలపూడి స్టేషనులను దాటి బందరు చేరును. పుణెనుండి హైదరాబాదు, విజయవాడల మీదుగా వచ్చు జాతీయరహదారియు బందరుననే ముగియును. పూర్వము గోలకొండనుండి రేవునకు సరకులు దిగిన మార్గము దాదాపుగా నిదియే. ఆశ్వయుజ కార్తికములలో నా తీరమున తుపాను భయము మెండు; మార్గశిరమునుండి మాఘమువఱకు పోవుట యుక్తము.

ఇక నా పట్టణ మెట్టిదో చెప్పుదుము. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున గ్రీకు నావికుడొకడు వ్రాసిన సముద్రయానగ్రంథమున మసాలియా యను తీరము పేర్కొనబడినది. అచ్చట నూలువస్త్రములు సమృద్ధిగా నేయబడుచుండెనని యందున్నది. టాలెమీ వ్రాసిన భూగోళమునను ఆ నామము కనబడును. అది కృష్ణాముఖద్వారమునకు చేరిన సీమ యని పండితులు నిర్ణయించిరి. కావున లోకము మన తీరమును ఎఱుంగుట రాజులనుబట్టి కాదు, గుడ్డనుబట్టి. ఈ యొక్క సంగతి మన పిల్లలకు దెలిసిన చాలును, మగ్గము ముందు కూర్చున్నపుడు వారి వెన్ను నిటారుగా నుండును.

బందరు అనగా పారసీకభాషలో రేవు. గోలకొండ కుతుబుషాహీల కాలమున నది రాజ్యమున కంతటికి ప్రధానద్వారము. పారసీకదేశమునకును, పెగూకును, ఆచే ద్వీపభాగములకును నిచ్చటనుండి యోడలు పోవుచుండెను. మక్కాయాత్రికులును నిచ్చటనే యోడ యెక్కుచుండిరి. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు, 1669లో ఫ్రెంచివారు వచ్చి వర్తకశాలలు నెలకొల్పిరి. ఇంగ్లీషు కంపెనీ తూర్పుతీరమున తొలుత కాలూనిన స్థలములలో నిది ముఖ్యమైనది. చెన్నపట్టణమప్పటికి పుట్టనే లేదు. 1759లో కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారి చేతినుండి బందరుకోటను పట్టుకొనుటతో ఉత్తరసర్కారులలో వారి ప్రాబల్యము తీఱిపోయినది.

ఇంతటి రేవైనను, పెద్ద యోడలు ఒడ్డుకు వచ్చునట్టి లోతు అచ్చట లేదు. తీరమున నేల మెల్లమెల్లగా వాలును, బురద యెక్కువ. కాబట్టి యోడలు దూరముగా లంగరు వేసికొని నిలిచెడివి. పడవలమీద మూటలు చేరవేసెడివారు. ప్రకృతి యిచ్చిన రేవు మేలైనది కాదు. అయినను మూడు దేశములవారు వచ్చి యేల కాచుకొనిరి? వెనుకనున్న గ్రామములలో నేతయు, అద్దకమును ఉండుటచేత. పాలకొల్లు, ద్రాక్షారామము, నాగులవంచ మొదలగుచోట్ల డచ్చివారు గిడ్డంగులు పెట్టుకొనుట గుడ్డకొఱకును, నీలికొఱకునే. రేవు గొప్పతనమునకు మూలము రేవునందు లేదు, పల్లెలోని మగ్గమునందున్నది.

ఆ గుడ్డ యెంతటిదో పరదేశపు శాసనములే చెప్పును. మన తీరములనుండి పోయిన అద్దకపు బట్టలు ఐరోపాలో నెంతగా వ్యాపించెననగా, అచ్చటి నేతకాండ్రు తమ కూడు పోవుచున్నదని మొఱపెట్టిరి. ఫ్రాన్సు 1686లో నట్టి బట్టలను నిషేధించెను. ఇంగ్లండు 1700లో నొకమాఱు, 1721లో నింకొకమాఱు చట్టములు చేసెను. వారి నేతవారిని వారి ప్రభుత్వము కాపాడుకొన్నది. మనవారికి కాపుదల లేకపోయెను. కంపెనీవారు ముందుగా బయానా సొమ్మిచ్చి నేతగానిని తమకు కట్టుకొనిరి. బయానా తీఱకుండ వేఱొకనికి గుడ్డ యమ్మరాదు. తరువాత యంత్రపు నూలు, యంత్రపు గుడ్డ సీమనుండి దిగుమతియై మన సంతలలో నిండెను. ఏ యోడలు మన గుడ్డను మోసికొనిపోయెనో ఆ యోడలే తిరిగి పరుల గుడ్డను మోసికొనివచ్చెను.

క్షీణతకు కారణములు మఱికొన్ని కలవు. 1641లో ఇంగ్లీషువారు తమ ముఖ్యస్థానమును చెన్నపట్టణమునకు మార్చుకొనిరి. కాలక్రమమున రేవు పూడిపోయెను. అన్నిటికి మించినది 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెన. సముద్రము కోటమీదికి, పట్టణముమీదికి, చుట్టుపట్ల పల్లెలమీదికి వచ్చిపడెను. సుమారు 30,000 మంది ప్రాణములు గోల్పోయిరి. ఒక్క రాత్రిలో నిండ్లకు నిండ్లు, వంశములకు వంశములు లేకుండ బోయినవి. మన సీమలో వాన రాక మనుష్యులు చత్తురు. అచ్చట నీరు వచ్చి చచ్చిరి. కఱువును, ఉప్పెనను చూచిన యీ రెండు సీమలవారికి ఒకరి దుఃఖ మొకరికి చెప్పకయే తెలియవలెను. అటుపైని దివిసీమను 1977 నవంబరు 19వ తేదీన మఱల నట్టి యుప్పెనయే ముంచి వేలాదిమందిని పొట్టనబెట్టుకొన్నది.

ఇంక చూడవలసిన స్థలములు. మేము కొందఱము కూడి పోయి చూచినంతవఱకు వరుసగా చెప్పుదుము. మొదటిది బందరుకోట. ఇది పట్టణమునకు కొంత యెడముగా సముద్రము వైపున నున్నది. కోట యనగానే మన కొండారెడ్డి బురుజును తలచుకొని పోవువారికి నిరాశ కలుగును. ఎత్తైన గోడలు లేవు. ఆయుధశాల, గంటగోపురము మొదలగు కొన్ని శిథిలములు మాత్రమే నిలిచియున్నవి. ఉప్పుగాలికి ఇటుకలు నలిగి పొడియగుచున్నవి. కాని యచ్చట కొంతసేపు నిలువబడి చూడుడు: ఇన్ని దేశములవారు దేనికై కొట్టుకొనిరో ఆ స్థలమిపుడు గడ్డి మొలచి నిశ్శబ్దముగా నున్నది. ఇంతకంటె మంచి చరిత్రపాఠము ఏ పాఠశాలలోనను దొరకదు.

రెండవది పట్టణములోని డచ్చివారి శ్మశానవాటిక. 17, 18వ శతాబ్దములలో నిచ్చట చనిపోయిన డచ్చి వర్తకుల గోరీలు, వానిపై చెక్కిన శాసనములు, వంశచిహ్నములు ఇప్పటికిని చదువనగును. పురావస్తుశాఖవారి రక్షణలో నున్న స్థలమిది. తమ దేశమునకు తిరిగి పోవుదుమని వచ్చి పోలేకపోయినవారి రాళ్ళివి. వారు మన సొమ్ము కొల్లగొనిరని కోపించుట న్యాయమే. అయినను రాతి ముందు కోపము నిలువదు. మన పిల్లలు ఆ యక్షరములను వ్రేలితో తడవి చూచి, ఎంత దూరమునుండి వీరు గుడ్డకొఱకు వచ్చిరి యని తామే ప్రశ్నించుకొందురు. ఆ ప్రశ్న పుట్టించుటకే మన యాత్ర.

మూడవది మంగినపూడి. పట్టణమునకు పదకొండు పండ్రెండు కిలోమీటర్ల దూరమున నున్న సముద్రతీరమిది. తక్కినచోట్ల వలె తెల్లని యిసుక కాదు. నేల నల్లగా, జిగురుగా నుండును. మన నంద్యాలవైపు రేగడినేలను సముద్రము నాకుచున్నట్లు తోచును. లోతు తక్కువగుటచేత కార్తికపున్నమకు వేలకొలది జనులు స్నానమాడుదురు. సముద్రము నెన్నడు చూడని మన యూళ్ళ వృద్ధస్త్రీలకును నిది యనుకూలమైన తావు. అయినను నీటిని నమ్మరాదు. స్థానికులు చెప్పిన హద్దు దాటరాదు.

నాల్గవది చిలకలపూడి. ఇది బందరునకు చేరియున్నది. ఇచ్చట భక్త నరసింహముగారు 1929లో నిర్మించిన పాండురంగస్వామి యాలయమున్నది. పండరిపురమునకు పోలేని తెలుగువారు దీనిని కీరపండరి యని పిలిచి సేవింతురు. ఆ యూరికి వేఱొక ప్రసిద్ధి కలదు. రాగి మొదలగు లోహములపై పలుచని బంగారపు పూతగల నగలు ఇచ్చట తయారగును. చిలకలపూడి నగ యని చెప్పిన తెలియని తెలుగు స్త్రీ లేదు. బంగారము కొనలేని యింట పెండ్లికూతురి మెడ బోసిగా నుండకుండ కాపాడిన పని యిది. ఇంటింట కూర్చుండి కుటుంబమంతయు చేయుదురు. గిల్టు నగలని చులకన చేయకుడు. అందలి పనితనము గిల్టు కాదు.

లడ్డు సంగతి విడిచిన మీరు మమ్ము క్షమింపరు. బందరు లడ్డు తక్కిన లడ్డువంటిది కాదు. సెనగపిండితో నేతిలో సన్నని పోగులు వండి, రోట బోసి దంచి, జల్లెడపట్టి, బెల్లపు పాకము, నేయి చేర్చి మరల దంచుదురు. కనుకనే తొక్కుడు లడ్డని పేరు. ఉత్తరదేశమునుండి వచ్చి స్థిరపడిన బొందిలీల కుటుంబములవారు దీనిని తెచ్చిరని చెప్పుకొందురు. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. తిని వచ్చుటతో తృప్తి పడక, ఒక్క రోలు, ఒక్క రోకలి, ఒక్క పట్టుదల యొక యూరి పేరును దేశమునకు చాటగలవని గ్రహించి రావలెను.

ఇన్నియు నొక యెత్తు, పెడన యొక యెత్తు. మేము ముఖ్యముగా చెప్పదలచిన స్థలమిది. బందరునకు పది కిలోమీటర్ల ప్రాంతముననున్న యీ చిన్న పట్టణమున కలంకారీ యద్దకము నేటికిని సాగుచున్నది. శ్రీకాళహస్తిలో కలముతో చేతివ్రాతగా వేయుదురు; ఇచ్చట టేకుకఱ్ఱపై చెక్కిన అచ్చులతో అద్దుదురు. పారసీకులు కోరినందున వచ్చిన లతలు, పువ్వులు, నెమళ్ళు, దేవదారుచెట్ల యాకృతులు ఇప్పటికిని ఆ యచ్చులలో నున్నవి.

ఆ పని క్రమమును నేతవారమైన మనము శ్రద్ధగా వినవలెను. మొదట గుడ్డలోని గంజి, జిడ్డు పోవునట్లు పేడనీట నానబెట్టి, ఉదికి, ఎండకు తెల్లబఱతురు. పిమ్మట కరకకాయల రసము, బఱ్ఱెపాలు కలిపిన నీట ముంచుదురు. పాలలోని కొవ్వు రంగును ప్రక్కకు పాఱనీయదు. కరకలోని వగరు రంగును గుడ్డకు పట్టించును. తుప్పుపట్టిన యినుమును బెల్లపునీట కొన్ని దినములు పులియబెట్టిన, ఆ నీరు కరక పట్టిన గుడ్డకు తగులగానే నల్లనగును. ఎఱుపునకు పటికనీటితో అద్దుదురు. అది మొదట కంటికి కనబడదు. ఆ గుడ్డను పాఱుడునీట కడిగి, వేళ్ళతో బెరళ్ళతో కాచిన రంగులో నుడికించినప్పుడు పటిక యంటిన చోట మాత్రమే యెఱుపెక్కును. పూర్వము దీనికి చిరివేరు వాడిరి. గుల్లలు కలిసిన ఆ తీరపు టిసుకనేలలో పండిన చిరివేరే శ్రేష్ఠమని పరదేశ వర్తకులును మెచ్చుకొనిరి. పసుపునకు కరకపువ్వు, నీలమునకు నీలిమందు.

ఒక వృద్ధుని "ఇందులో కష్టమైన పని యేది?" యని యడిగితిమి. అచ్చు అద్దుట యనునని యనుకొంటిమి. ఆయన "నీళ్ళయ్యా! రంగు మేము వేయము, కాలువ వేయును" అనెను. పాఱు నీరు లేనిచో పటికయు, పిప్పియు సరిగా పోవు, గుడ్డ మసకబాఱును. కాలువ యెండిన దినము పని నిలిచిపోవును. నీటి విలువ రాయలసీమవారికి వేఱుగా చెప్పవలయునా?

సోదరులారా! ఈ పనిలో మన భాగమెంతయో యోచింపుడు. 19వ శతాబ్దమున కడప, కర్నూలు మండలములు నీలిసాగునకు ప్రసిద్ధి కెక్కినవి. కృత్రిమపు నీలి జర్మనీదేశమున 1897లో అమ్మకమునకు వచ్చిన పిమ్మట మన నీలితొట్లు ఎండిపోయినవి. నంద్యాల, కోవెలకుంట్ల రేగడులలో మంచి పత్తి పండుచుండెను. నూలు మనది, నీలి మనది, నేత మనది, అద్దకము వారిది. ఒకరిది పోయిన రెండవవానిది నిలువదు. పెడనవారికి నేడు గొప్ప పోటీ తెఱయచ్చు గుడ్డలనుండియు, రసాయనపు రంగులనుండియు వచ్చుచున్నది. అవే యాకృతులు తెఱపై వేసి కలంకారీ యని చౌకగా నమ్ముచున్నారు. కొనువాడు భేద మెఱుగడు. మన మగ్గపు చీరకు మరమగ్గము వలన వచ్చిన కష్టమే యిది. కాబట్టి వారిని చూడబోవుట వినోదము కాదు, చుట్టమును పరామర్శించుట.

ఓడలు పోయిన బందరున పని మాత్రమే కాక, పట్టుదలయు మిగిలినది. అదియే మేము చూపదలచిన రెండవ సంగతి. 1902లో కృష్ణాపత్రిక యిచ్చటనే పుట్టినది. ముట్నూరి కృష్ణారావుగారు దీర్ఘకాలము దానికి సంపాదకులుగా నుండిరి. 1910లో కోపల్లె హనుమంతరావుగారు మిత్రులతో గూడి ఆంధ్రజాతీయకళాశాలను స్థాపించిరి. పుస్తకవిద్యతో పాటు నేత, వడ్రంగము, చిత్రలేఖనము మొదలగు చేతివిద్యలను నేర్పుట దాని యుద్దేశము. అడివి బాపిరాజుగారు కొంతకాలము దానికి అధ్యక్షులుగా నుండిరి. మువ్వన్నెల జెండాకు రూపకల్పన చేసిన పింగళి వెంకయ్యగారు బందరు చేరువనున్న భట్లపెనుమఱ్ఱువారు. ఆ కళాశాలలో నుపాధ్యాయులుగా నుండిరి. వారు పత్తివంగడములపై పరిశోధన చేసినందున జనులు వారిని పత్తి వెంకయ్య యనియు పిలిచిరి. జెండా వెంకయ్యగారిని లోకమెఱుగును. పత్తి వెంకయ్యగారిని మనము మఱువరాదు.

1923 నవంబరు 20వ తేదీన భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు బందరున ఆంధ్రాబ్యాంకును నెలకొల్పిరి. చెల్లింపబడిన మూలధనము లక్ష రూపాయలు. అది పెరిగి పెద్దదై, 1980లో జాతీయము చేయబడి, 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమైనది. పేరు పోయినను పాఠము పోలేదు: రేవు పూడిన యూరివారు తమ సొమ్మును తామే కూర్చుకొనిరి. మన ప్రక్కననే ఎమ్మిగనూరున మాచాని సోమప్పగారు 1938లో చేనేతకారుల సహకారసంఘము నెలకొల్పుటయు ఈ మార్గమే. అప్పు పుట్టుచోట మగ్గము బ్రదుకును. వడ్డీవ్యాపారి చేతిలో నది బ్రదుకదు.

తీఱిక యున్నవారు మఱునాడు కూచిపూడి గ్రామమును, క్షేత్రయ్య నివసించిన మొవ్వను, ప్రాచీన బౌద్ధస్తూపముగల ఘంటసాలను చూడవచ్చును. కృష్ణ సముద్రమున గలియు హంసలదీవియు, అచ్చటి వేణుగోపాలస్వామి యాలయమును, ఆ ప్రాంతపు మడయడవులును చూడదగినవి. ఉప్పెన వచ్చినపుడు ఆ మడచెట్లే మొదటి కోట. మన తుంగభద్రమ్మ ప్రయాణము ముగియు చోటు కనుక హంసలదీవిని మాత్రము విడువవలదని మా మనవి.

ఇక కర్తవ్యము. కాలము మరల మాఱుచున్నది. 2023లో బందరున నూతనపు రేవు పనులు ఆరంభమైనవి. ఇచ్చట మన ఓర్వకల్లున 2021లో విమానాశ్రయము తెఱవబడినది. దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డిగారి పేరు పెట్టిరి. రాతిగుండ్లు చూచుటకు మాత్రమే బాటసారులు నిలుచు చోట విమానములు దిగుచున్నవి. చుట్టును పరిశ్రమలకై భూములు సేకరింపబడినవి. బండ్లు మరల ఓడలగుచున్నవి. సంతోషమే. కాని బందరు మనకు చెప్పున దేమి? ద్వారము తెఱచుకొన్నంత మాత్రమున నింటివాడు ధనికుడు కాడు. ద్వారమునుండి బయటికి పంపుటకు తన చేతిపని యేదేని యుండవలెను. లేనిచో ద్వారము పరుల సరకు లోపలికి వచ్చుటకే పనికివచ్చును. ఓడలను నమ్మినవారు ఓడలతో పోయిరి. పనిని నమ్మినవారు పెడనలో నేటికి నున్నారు. కష్టముతోనే యున్నారు, కాని యున్నారు.

మన యిండ్లలో మగ్గపు గుంతలు పూడ్చి గచ్చు చేయుచున్న సంగతి మీరెఱుగనిది కాదు. చదువుకొన్న పిల్లలు కులవిద్యయన్న తలవంచుకొనుచున్నారు. వారిని మగ్గమునకే కట్టివేయవలెనని మేము చెప్పము; ఎవరికి నచ్చిన పని వారు చేయవచ్చును. కాని తాత చేసిన పని యేమిటో, దానికొఱకు లోకమెంత దూరము వచ్చెనో తెలియక విడుచుట వేఱు, తెలిసి విడుచుట వేఱు. తెలిసినవారిలో పదుగురిలో నొక్కడైనను విడువడని మా నమ్మకము.

కావున మూడు సూచనలు చేయుచున్నాము. ఒకటి: మొదటి యాత్ర బందరునకే కావలెను, మూడు దినములలో నొక దినము సంపూర్ణముగా పెడనకు కేటాయింపవలెను. రెండు: పోవువారిలో సగముమంది బాలికలుండవలెను, నూలు వడకి, ఆసులు పోసి, కండెలు చుట్టి నేతలో సగము పని చేసినది స్త్రీలే గదా! మూడు: తిరిగి వచ్చునపుడు వట్టి చేతులతో రాక, మన మగ్గపు తెల్లగుడ్డను పెడనవారిచే అద్దించి తెచ్చి, వచ్చు మహాసభలో నమ్మి చూడవలెను. లాభము వచ్చినను రాకున్నను, మన నూలుకు వారి రంగుకు మరల చుట్టరికము కలియును. వ్యయము కొఱకు వెఱవ నక్కఱలేదు. పెండ్లిండ్లలో నొక పూట పిండివంట తగ్గించుకొన్న గృహస్థులు పదిమంది చాలును.

అధ్యక్షా! మహాజనులారా! కందెనవోలున బండ్లకు కందెన వేసి పంపినది మన పూర్వులు. ఆ బండి యిరుసు ఆఱిపోయి చాలకాలమైనది. మీరీ తీర్మానము నంగీకరించి దానికి మరల కందెన వేయుదురని నమ్ముచున్నాము.